ఓడ ఆగేది ఒక్క పూటే: రేవులో దిగి ఎలా తిరగాలి?

"మీ ఓడ రెండో రోజు కౌలాలంపూర్‌లో ఆగుతుంది సార్" అని చెప్పాడు అనంతపురంలో మాకు టికెట్లు బుక్ చేసిన ఏజెంటు. ఆ రోజు పొద్దున పై డెక్కు మీదికి వచ్చి చూస్తే క్రేన్లు, వరసగా పేర్చిన కంటైనర్లు, వాటి వెనక పచ్చటి చెట్లు. ఫొటోల్లో చూసిన జంట టవర్ల జాడే లేదు. మా ఓడ ఆగింది పోర్ట్ క్లాంగ్‌లో. కౌలాలంపూర్‌కు అక్కడి నుంచి రోడ్డు మీద గంట పైనే పోవాలి. గుత్తిలో బస్సు ఆపేసి "ఇదే అనంతపురం, దిగండి" అన్నట్టయింది మా పని.

ఓడ ఎక్కేశాక చేసేదేముంది. అమ్మ, నాన్న, అక్క, బావ, వాళ్ల ఇద్దరు పిల్లలు, నేను, మొత్తం ఏడుగురం. సింగపూర్‌లో ఎక్కి ఐదు రాత్రులు, మూడు రేవులు. మూడు చోట్లా మూడు రకాలుగా తిరిగాం. ఒక చోట నాన్న అసలు దిగనే లేదు. తిరిగొచ్చాక తెలిసినవాళ్లలో ఎవరు క్రూజ్ అనుకున్నా ఒకటే అడుగుతున్నారు: ఓడవాళ్ల టూర్ తీసుకోవాలా, సొంతంగా తిరగొచ్చా, బండి మాట్లాడుకోవాలా? ముగ్గురికి మూడు జవాబులు చెప్పాల్సి వస్తోంది. కాబట్టి జవాబు కన్నా ముందు లెక్క చెబుతాను.

## ముందు చూసుకోవాల్సినవి

రేవుకూ ఊరికీ దూరం. నా మటుకు అన్నిటికన్నా ఇదే ముఖ్యం. ప్రకటనలో ఊరి పేరు రాస్తారు, ఓడ ఆగేది రేవులో. రెండూ ఒకటే అనుకుంటే మాకైనట్టే అవుతుంది. బ్యాంకాక్ అని రాసిన పెద్ద ఓడలు ఎక్కువగా ఆగేది లేమ్ చబాంగ్‌లో, అంటే నగరానికి వంద కిలోమీటర్లకు పైనే. హో చి మిన్ సిటీ అంటే చాలాసార్లు ఫు మీ రేవు, అదీ దూరమే. హాంకాంగ్‌లో రెండు టెర్మినళ్లున్నాయి. ఓషన్ టెర్మినల్ అయితే దిగగానే చిమ్ షా చుయ్ బజారు. కై తక్ అయితే పాత విమానాశ్రయం రన్‌వే మీద 2013లో తెరిచిన టెర్మినల్, అక్కడి నుంచి ఊళ్లోకి మళ్లీ బండి ఎక్కాలి. కొలంబోలో రేవు ఊరిని ఆనుకునే ఉంటుంది. ఫోర్ట్ ప్రాంతం, దాని పక్కనే పెట్టా బజారు. పెట్టా అంటే మరేం లేదు, మన పేటే.

బుక్ చేసే ముందు ఏజెంటును ఊరి పేరు కాదు, టెర్మినల్ పేరు అడగండి. ఫోన్లో మ్యాప్ తీసి మీరే దూరం చూసుకోండి. రెండు నిమిషాల పని.

చేతికి చిక్కే సమయం. ఓడ పొద్దున 8కి ఆగి సాయంత్రం 5కి కదులుతుందంటే తొమ్మిది గంటలు దొరికినట్టు కాదు. వేలమంది దిగే ఓడలో క్యూ, ఇమిగ్రేషన్ కలిపి ఒక గంట పోతుంది. సాయంత్రం అందరూ లోపల ఉండాల్సిన గడువు, అంటే వాళ్లు చెప్పే ‘ఆల్ అబోర్డ్’ టైం, ఓడ కదలడానికి అరగంట నుంచి గంట ముందే ఉంటుంది. మనం మరో గంట ముందు రేవుకు చేరాలని పెట్టుకుంటే మిగిలేది ఆరు గంటలు. అందులోంచి రానూపోనూ ప్రయాణం తీసేయండి. పోర్ట్ క్లాంగ్‌లో మాకు ఊళ్లో మిగిలింది మూడు గంటలే.

ఆలస్యమైతే ఎవరి బాధ్యత. ఓడవాళ్ల టూర్ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ ఆగుతుంది, లేదంటే మిమ్మల్ని తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్లది. సొంతంగా పోయి ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. బతిమాలినా ఆగదు. తర్వాతి రేవుకు విమానం టికెట్టు మీ జేబులోంచే.

డబ్బు తలకా, బండికా. టూర్‌కు తలకింత అని తీసుకుంటారు. వ్యానుకు బండి మొత్తానికి ఇంత అంటారు. ఇద్దరే అయితే పెద్ద తేడా కనిపించదు. మాలాగా ఏడుగురైతే టూర్ ఖర్చు ఏడింతలు, వ్యాను మాత్రం ఒకటే.

ఇక మోకాళ్లు, పిల్లలు, తిండి సంగతి ఎవరింటి లెక్క వాళ్లది.

| | ఓడవాళ్ల టూర్ | నడక, బస్సు | మాట్లాడుకున్న బండి | ఓడలోనే |
|---|---|---|---|---|
| ఏ రేవుకు నప్పుతుంది | ఊరు దూరంగా ఉంటే | రేవు ఊరి నడుమ ఉంటే | 10–25 కిలోమీటర్ల లోపు | ఎక్కడైనా |
| ఖర్చు | తలకింత, అన్నిటికన్నా ఎక్కువ | చాలా తక్కువ | నలుగురు దాటితే లాభం | అదనంగా లేదు |
| ఆలస్యమైతే | ఓడవాళ్లు చూసుకుంటారు | మన పూచీ | మన పూచీ | చింత లేదు |
| పెద్దవాళ్లకు | బస్సు ఎక్కి దిగడం ఎక్కువ | ఎండలో కష్టం | అన్నిటికన్నా సుఖం | హాయి |
| మన ఇష్టానికి ఆగడం | కుదరదు | పూర్తిగా | చాలావరకు | – |

## ఓడవాళ్ల టూర్: డబ్బు ఎక్కువ, టెన్షన్ తక్కువ

పోర్ట్ క్లాంగ్‌లో మేం తీసుకున్నది ఇదే. వేరే దారి కూడా కనిపించలేదు. చొక్కాకు నంబరు స్టిక్కర్ అంటించి, గుంపుగా బస్సెక్కించి, గైడు చేతిలో చిన్న జెండా పట్టుకుని ముందు నడుస్తుంటే వెనకాల మేం. స్కూలు పిల్లల ఎక్స్‌కర్షన్‌లాగే ఉంటుంది.

మొదట బటు గుహలు. 42.7 మీటర్ల ఎత్తున బంగారు రంగు సుబ్రహ్మణ్యస్వామి, ఆ పక్కనే రంగురంగుల మెట్లు 272. మెట్ల సంఖ్య ముందే విని నాన్న ఓడలోనే ఆగిపోయాడు. అమ్మ మాత్రం "అలిపిరి మెట్లెక్కిన దాన్ని, ఇవెంత?" అని మొదలుపెట్టింది. మెట్లు తక్కువే గానీ బాగా నిటారుగా ఉంటాయి. సగంలో కూర్చుంది, కోతి వచ్చి చేతిలో అరటిపండు లాక్కుపోయింది, మళ్లీ లేచింది. పైకి చేరి దండం పెట్టుకునేసరికి గైడు ఇచ్చిన ముప్పావు గంటలో పది నిమిషాలు మిగిలాయి. దిగడం పరుగే.

టూర్‌తో ఇబ్బంది అక్కడే. మనకు నచ్చిన చోట నిలబడే వీల్లేదు, అక్కర్లేని చోట మాత్రం ఆపుతారు. 452 మీటర్ల జంట టవర్ల ముందు ఫొటోలకు ఇరవై నిమిషాలు, ఆ తర్వాత ఒక చాక్లెట్ల దుకాణంలో ముప్పై ఐదు నిమిషాలు. ఆ దుకాణం ఎందుకో గైడుకే తెలియాలి. అయినా తిరుగు దారిలో వాన పడి బండ్లన్నీ నత్తనడక నడుస్తుంటే బస్సులో ఒక్కరూ గడియారం చూసుకోలేదు. ఎక్కువ కట్టింది ఆ నిశ్చింతకే. రేవు నుంచి ఊరు గంట దాటి ఉంటే నేను మళ్లీ ఇదే తీసుకుంటాను, గొణుక్కుంటూనే.

## నడిచి తిరగడం: పెనాంగ్‌లో అయితే మరో మాట లేదు

మూడో రోజు పొద్దున ఓడ మలేషియాలోనే ఉన్న పెనాంగ్ దీవిలోని జార్జ్‌టౌన్‌లో, స్వెట్టెన్‌హామ్ రేవులో ఆగింది. మెట్లు దిగి, గేటు దాటితే ఎదురుగా తెల్లటి గడియార స్తంభం. అమ్మ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇంత దూరం వచ్చింది టవర్ క్లాక్ చూసేదానికా?" అంది. అనంతపురం వాళ్లకు ఆ మాట చాలు, రేవు ఊళ్లో ఎంత నడిమధ్యన ఉందో అర్థమవుతుంది. విక్టోరియా రాణి పాలనకు అరవై ఏళ్లు నిండిన గుర్తుగా కట్టింది కాబట్టి ఏడాదికి అడుగు చొప్పున 60 అడుగులు పెట్టారట. పక్కనే కార్న్‌వాలిస్ కోట. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈస్టిండియా కంపెనీ తరఫున దిగింది ఈ ఒడ్డునే. కడపలో, కర్నూలులో మనం చూసే కోటల పక్కన పెడితే అది ప్రహరీ గోడంతే, లోపలికి పోకపోయినా పోయిందేమీ లేదు.

కోట వదిలేసి వీధుల్లోకి వెళ్లండి. ఈ పాత పేట మొత్తాన్ని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. పది పదిహేను నిమిషాలు నడిస్తే లిటిల్ ఇండియా. పూలదండలు, ఇత్తడి సామాను, చీరల కొట్లు, స్పీకర్లలో తమిళ పాటలు. క్వీన్ వీధిలో 1833 నాటి మహామారియమ్మన్ గుడి. ఇలాంటి గుళ్లు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు, ఆ సాయంత్రానికి మన ఓడ ఉండదు. కాబట్టి దర్శనం కావాలంటే పొద్దున్నే అక్కడికే వెళ్లి, మిగతావి తర్వాత చూసుకోండి. అరిటాకు భోజనం దొరికే హోటళ్లు ఆ చుట్టుపక్కలే. మూడు రోజుల ఓడ తిండి తర్వాత సాంబారు వాసన తగిలేసరికి బావ ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత ఆర్మేనియన్ వీధి గోడల మీది బొమ్మలు. ఎర్నెస్ట్ జకరేవిచ్ అనే చిత్రకారుడు 2012లో వేసిన సైకిల్ పిల్లల బొమ్మ ముందు ఫొటోకు క్యూ ఉంటుంది. సైకిలు నిజందే, గోడకు ఆనించి పెట్టారు. పిల్లలు మాత్రం రంగులే. మా అక్క పిల్లలు ఆ వెనక సీటు పట్టుకుని దిగమంటే దిగలేదు. అక్కడి నుంచి సముద్రం వైపు వెళ్తే చ్యూ జెట్టీ. నీళ్లలో పాతిన కొయ్యల మీద చెక్క ఇళ్లు, నడవడానికి చెక్క బాట. చ్యూ అనే ఇంటిపేరున్న చైనా కుటుంబాల పేట అది, ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. తలుపులు తీసే ఉంటాయని లోపలికి తొంగిచూడొద్దు.

నడకకు అడ్డొచ్చేది ఎండ. మన ఎండ ఒళ్లు మాడుస్తుంది, అక్కడిది ఉడకబెడుతుంది. గాలిలో తడి ఎక్కువ, చెమట ఆరదు. "నలభై మూడు డిగ్రీలు చూసినోళ్లం" అని ధీమాగా బయల్దేరిన నాన్న పదకొండుకల్లా ఒక అరుగు మీద కూలబడ్డాడు. అక్కడి నుంచి గ్రాబ్ యాప్‌లో కారు పిలిచాం. నలుగురు పట్టే కారే వస్తుంది కాబట్టి ఏడుగురికి రెండు పిలవాలి, లేదా పెద్ద బండి ఎంచుకోవాలి.

పెనాంగ్ కొండ కూడా చూడాలా? 1923 నుంచి నడుస్తున్న కొండ రైలు ఉంది, పైన చల్లగా ఉంటుంది. బస్సులోనో కారులోనో అక్కడికి చేరడానికే అరగంట పైన, ఆపైన రైలు ఎక్కడానికి క్యూ. కొండా, పాత ఊరూ రెండూ అనుకుంటే ఒక పూటలో రెండూ సగం సగమే అవుతాయి. పిల్లలుంటే కొండ, లేకపోతే ఊరు.

## బండి మాట్లాడుకోవడం: సుఖం ఉంది, టైంతో జాగ్రత్త

ఫుకెట్‌లో మా ఓడ ఒడ్డుకు రాలేదు. పాటాంగ్ ఎదురుగా సముద్రంలోనే లంగరు వేసి, చిన్న పడవల్లో మమ్మల్ని ఒడ్డుకు దింపారు. వీటిని టెండర్లు అంటారు. పడవ ఎక్కేటప్పుడు ఇద్దరు సిబ్బంది నాన్నను చెరో జబ్బ పట్టుకుని, అల పైకి లేచిన క్షణం చూసి లోపల పెట్టారు. మే నుంచి అక్టోబరు దాకా అటువైపు నైరుతి రుతుపవనాల కాలం. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే టెండర్లు ఆపేసి, ఆ రేవే వదిలేసి పోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుంటే బుక్ చేసేటప్పుడే "టెండర్ రేవులు ఎన్ని?" అని అడగండి.

ఒడ్డున వ్యాను మాట్లాడుకున్నాం. ఐదు గంటలకు ఇంత అని, ఏసీ, ఏడుగురికీ సీట్లు. చలోంగ్ గుడి, పాత ఫుకెట్ టౌన్‌లోని రంగుల మేడలు, మధ్యలో ఎక్కడ ఆపమంటే అక్కడ. నాన్న దిగాలనిపిస్తే దిగాడు, లేదంటే ఏసీలో కునుకు తీశాడు. పెద్దవాళ్లతో తిరగడానికి దీన్ని మించింది లేదు.

పాత టౌన్‌లో కొబ్బరిబోండాలు తాగుతూ కూర్చున్నాం. "చివరి పడవ నాలుగింటికి కదా మామా, ఇంకా గంటా ముప్పావు టైం ఉంది" అని బావ ఫోన్ చూపించాడు. రెండుంబావు. నాన్న తన చేతి వాచీ చూసుకుని, "మూడుంబావు అయితాంది కదప్పా, నీ ఫోన్లో రెండుంబావు ఏంది?" అన్నాడు. అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. థాయ్‌లాండ్ సమయం సింగపూర్ కన్నా గంట వెనక. ఒడ్డు ఎక్కగానే మా ఫోన్లన్నీ వాటంతటవే అక్కడి టైంకు మారిపోయాయి. ఓడ మాత్రం సింగపూర్ టైం మీదే నడుస్తోంది. ఫోన్లు లేని కాలం నాటి అలవాటుతో నాన్న ఓడ ఎక్కిన రోజే వాచీ తిప్పి పెట్టుకున్నాడు, మళ్లీ ముట్టుకోలేదు.

పాటాంగ్‌కు తిరిగి వచ్చే కొండ దారిలో బండ్లు ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి. పన్నెండు నిమిషాల ముందు చేరాం. అక్క ఆ రాత్రి బావతో మాట్లాడలేదు.

తప్పు డ్రైవరుది కాదు, మాదే. బండి మాట్లాడేటప్పుడు "రేవుకు ఇన్ని గంటలకు తిరిగి చేరాలి" అని ఫోన్లో రాసి అతనికి చూపించండి, అదీ అతని టైంలోకి మార్చి. డబ్బు మొత్తం ముందే ఇవ్వకుండా చివర ఇవ్వండి. అన్ని ఓడలూ ఒకే పద్ధతి పాటించవు, కొన్ని స్థానిక సమయానికి మారుతాయి. రోజూ రాత్రి గదికి వచ్చే కాగితంలోనో, యాప్‌లోనో అది రాసి ఉంటుంది. మలేషియాకూ సింగపూర్‌కూ ఒకటే టైం. శ్రీలంకకూ మనకూ ఒకటే.

## ఓడలోనే ఉండిపోవడం

దీన్ని తక్కువగా చూడొద్దు. అందరూ దిగాక ఈత కొలను ఖాళీ, లిఫ్టు ఖాళీ, భోజనం యథాప్రకారం. పోర్ట్ క్లాంగ్ రోజున నాన్న రెండు కాఫీలు తాగి, కుర్చీలో నిద్రపోయి, మాకన్నా తాజాగా కనిపించాడు. పెనాంగ్ లాంటి రేవులో మాత్రం ఒక్క గంటైనా దిగి రండి, గేటు బయటే ఊరుంది.

## మీ ఇంటికి ఏది?

అవ్వా తాతలతో పోతుంటే: ఊరు దగ్గరైతే బండి, దూరమైతే ఓడలోనే. టూర్ బస్సులో ఎక్కి దిగడమే వాళ్లకు సగం అలసట.

కొత్తగా పెళ్లయిన జంట అయితే టూర్ వద్దు. జెండా వెనక నడవడానికి అంత ఖర్చు దేనికి? పెనాంగ్ ఉన్న ఓడ చూసుకుని, నడిచి తిరగండి.

ఐదేళ్ల లోపు పిల్లలుంటే ఒక రేవులో దిగండి, ఒకదాంట్లో కొలనులో ఆడించండి. మూడు రేవులూ చూడాలన్న పట్టుదల పెద్దవాళ్లదే, పిల్లలది కాదు.

మొదటిసారి దేశం దాటుతూ, ఇంగ్లీషులో బేరమాడటం ఇబ్బంది అనుకునేవాళ్లు మొదటి రేవుకు టూర్ తీసుకుని, పద్ధతి తెలిశాక రెండోదానికి సొంతంగా పోవచ్చు. మలేషియా, సింగపూర్ లిటిల్ ఇండియాల్లో తమిళం వస్తే పని సులువు. మదనపల్లె, చిత్తూరు వైపు చుట్టాలున్నవాళ్లకు ఆ నాలుగు ముక్కలు ఎలాగూ వస్తాయి.

బంగారం కొనడానికైతే అంత దూరం ఎందుకండీ, ప్రొద్దుటూరు మన పక్కనే ఉంది.

## సింగపూర్, కాగితాలు

అనంతపురం వాళ్లకు దేవనహళ్లి, కర్నూలు వాళ్లకు శంషాబాద్, కడప వాళ్లకు చెన్నై విమానాశ్రయం అనుకూలం. ఓడ ఎక్కే రోజు పొద్దున్నే దిగేలా మాత్రం పెట్టుకోవద్దు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ఒక రోజు ముందు చేరితే సింగపూర్‌ను గడియారం చూసుకోకుండా తిరగొచ్చు.

అక్కడ కూడా టెర్మినళ్లు రెండు. హార్బర్‌ఫ్రంట్ అయితే ఊదారంగు మెట్రో లైనులో ఎక్కడా మారకుండా లిటిల్ ఇండియా చేరొచ్చు. సెరంగూన్ రోడ్డులో వీరమాకాళి అమ్మన్ గుడి, శ్రీనివాస పెరుమాళ్ గుడి, ముస్తఫా సెంటర్ అన్నీ నడక దూరమే. మరీనా బే క్రూజ్ సెంటర్ అయితే ఎర్ర లైనులో చివరి స్టేషన్ మరీనా సౌత్ పియర్. టాక్సీ ఎక్కేటప్పుడు ఏ టెర్మినలో పేరు పెట్టి చెప్పాలి.

సింగపూర్‌కు మనకు వీసా కావాలి. ఒక రోజు ముందు దిగి, ఓడెక్కి బయటికి పోయి, మళ్లీ అక్కడికే వస్తాం కాబట్టి అది మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో చూసుకోండి. మలేషియా 2023 డిసెంబరు నుంచి భారతీయులను 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది, గడువు పొడిగిస్తూ వస్తున్నారు. ఇలాంటివి మారుతుంటాయి, టికెట్టు కొనే వారం మళ్లీ చూడండి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి.

వక్కాకు సంచిలో జర్దా, గుట్కా ఉంటే ఇంట్లోనే పెట్టి రండి. సింగపూర్‌లో నమిలే పొగాకు తేవడం నేరం. చూయింగ్ గమ్ కూడా 1992 నుంచి తేనివ్వరు.

దిగే ముందు జేబులో ఉండాల్సినవి: ఓడ కార్డు, పాస్‌పోర్టు కాపీ, కొంచెం స్థానిక డబ్బు, ఆ రోజు కాగితం ఫోన్లో ఫొటో. కాగితంలో ఆ రేవులో ఓడ ఏజెంటు నంబరు ఉంటుంది, దారి తప్పితే ఫోన్ చేయాల్సింది దానికే. ఓడలోకి తిరిగి రాగానే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో ఫోన్ దానంతటదే ఓడ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, దాని బిల్లు మామూలు రోమింగ్ ప్యాకులోకి రాదు. మా అక్కకు అది ఇంటికొచ్చాక తెలిసింది.